టీచరమ్మ అడిగిన సమాధానం

చిలకలగూడ బడిలో తెలుగు చెప్పే దేవకృప టీచరుకు, మాట తప్పు పలికితే చెవి మెలిపెట్టే అలవాటు. పిల్లలదాకా ఎందుకు, పాస్టరుగారు ప్రసంగంలో ఒత్తు మింగినా ఆవిడ బెంచీలోంచి గట్టిగా గొంతు సవరించుకునేది. అలాంటి మనిషి బతుకు ఒక్క మాట దగ్గర బోల్తాపడిందంటే ఎవరు నమ్ముతారు? కానీ పడింది.

భర్త జకర్యా రైల్వేలో పనిచేస్తూ చిన్నవయసులోనే పోయాడు. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు పేతురు. వాడికి చదువు అంతంతమాత్రమే గానీ, డోలక్ ముందు కూర్చుంటే వీధి వీధంతా చెవులు అప్పగించాల్సిందే. ఒక డిసెంబరు సాయంత్రం చర్చి కుర్రాళ్లు క్రిస్మస్ పాటలు పాడుకుంటూ వెళ్లి బుల్లబ్బాయి ఇంటిముందు ఆగారు. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి బియ్యం కొట్టు పెట్టుకున్న పెద్దమనిషి. ఇంట్లో ముసలితల్లి జబ్బుతో ఉంది, డోలక్ ఆపమన్నాడు. వీళ్లు ఆపలేదు. మాటా మాటా పెరిగింది. బుల్లబ్బాయి కొడుకు కామరాజు ఒక్క తోపు తోశాడు. పేతురు తల వెళ్లి మురిక్కాలువ మీది బండకు తగిలింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

సమాధి చేసి వచ్చిన మర్నాడు, దేవకృప తమ్ముడు రిచర్డు మౌలాలి నుంచి కుర్రాళ్లను వెంటేసుకుని దిగాడు. చేతుల్లో హాకీ కర్రలు. బియ్యం కొట్టు నేలమట్టం చేస్తానన్నాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన దేవకృప, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి ఆ కొట్టు మెట్ల మీద కూర్చుంది.

"లే అక్కా. నీ కొడుకును చంపినోళ్లకు కాపలా కాస్తున్నవా?"

"నా కొడుకు పేరు చెప్పి ఇంకో తల్లిని ఏడిపించడానికి వీల్లేదురా. కొట్టాలనుంటే నాతో మొదలుపెట్టు."

రిచర్డు కర్ర పారేసి అక్క ఒళ్లో తలపెట్టి ఏడ్చాడు. కుర్రాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

వాళ్ల చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల ఇస్తారు. ఆ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ముందు, ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే వెళ్లి రాజీపడి రావాలి. అలా రాజీపడటాన్ని వాళ్లు సమాధానపడటం అంటారు. మనసు నెమ్మదించడాన్నీ సమాధానమనే అంటారు. చాలామంది ఆ నియమాన్ని చూసీచూడనట్టు పోనిచ్చి బల్ల దగ్గరకు నడిచేస్తారు. దేవకృపకు అలాంటి సర్దుబాట్లు చేతకావు. బుల్లబ్బాయి ఇంటివాళ్లతో సమాధానపడేదాకా రొట్టె ముట్టనంది. చర్చిలో గంట కొట్టే వీరయ్యను వాళ్లింటికి పంపింది. అతను చెప్పమన్నది చెప్పినట్టే చెప్పాడు.

"టీచరమ్మకు సమాధానం గావాల్నంట. గంతే. ఇంకేం వద్దన్నది."

అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పైగా ఆవిడ ఎదురుపడితే తల దించుకుని సందు మారిపోయేవారు. కామరాజుకు శిక్ష పడ్డాక మళ్లీ అదే మాటతో వీరయ్యను పంపింది. మళ్లీ మౌనమే. ఆవిడకు ఒళ్లు మండింది. పోయింది నా బిడ్డ, చెయ్యి చాపింది నేను, ఇంకా వీళ్లకేం పొగరు అనుకుంది. బల్ల ఇచ్చినప్పుడల్లా అందరూ లేచి ముందుకు వెళ్తుంటే, ఆవిడ ఒక్కతే బెంచీలో మిగిలిపోయేది.

ఏళ్లు గడిచాయి. బుల్లబ్బాయి మొదట కొట్టుకు రావడం మానేశాడు, తర్వాత గడప దాటడం మానేశాడు, ఒకనాడు పోయాడు. పాడె ఆవిడ ఇంటిముందు నుంచే వెళ్లింది. వెళ్లి పలకరించాలని మనసు పీకింది. పిలవని పేరంటానికి నేనెందుకని తలుపు వేసుకుంది.

కామరాజు విడుదలయ్యాక ఒక మధ్యాహ్నం, బుల్లబ్బాయి భార్య రాజ్యం కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది.

"టీచరుగారండీ, మీరు సమాధానం అడిగారండి. ప్లీడరుగారేమో ఏ సమాధానమూ చెప్పొద్దు, కేసుకు అడ్డమొస్తుందన్నారండి. ఆ తర్వాతైనా ఏం చెప్పాలో తెలీలేదండి. నా కొడుకును ఎందుకు చంపారని అడిగితే ఎవరం ఏం సమాధానం చెబుతామండి?"

దేవకృపేమో ప్రశ్నలకు సమాధానాలు రాయండి అని రోజూ నల్లబల్ల మీద రాసే మనిషి. చర్చిలో మాట చర్చి బయట ఇంకో మాటయి కూర్చుంటుందని ఆవిడకు తట్టనే లేదు.

"నేను జవాబు అడగలేదమ్మా. మీతో మాట కలుపుకోవాలని అడిగాను. మా వాళ్లలో దాన్నే సమాధానం అంటాం."

"రాజీకా అడిగారు?" రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయనకు ఆ మాట తెలిస్తే పరుగెత్తుకొచ్చేవారండి."

కామరాజు అప్పటిదాకా తలెత్తలేదు. "అయినా చెప్పేస్తానండి. ఇన్నాళ్లూ లోపలే మోశాను. ఆ రోజు పేతురు మా నాన్న చెంప మీద కొట్టాడండి, పాటల కుర్రాళ్లందరి ముందూ. అందుకు తోశానండి. చావాలని కాదండి."

"కోర్టులో ఆ మాట రాలేదే."

"ప్లీడరుగారు చెప్పమన్నారండి, శిక్ష తగ్గుద్దని. నాన్నే వద్దన్నారు. కొడుకు పోయిన తల్లి, వాడు మంచోడనైనా అనుకోనీరా అన్నారండి. మీ కుర్రాళ్లు కూడా నోరు విప్పలేదండి."

ఇన్నేళ్లూ క్షమించడానికి సిద్ధమై కూర్చున్న మనిషికి, క్షమించమని అడగాల్సింది తనేనని తెలిసింది. చెంపదెబ్బ తిన్న పెద్దాయన ఆ సిగ్గును కడుపులో దాచుకుని, పేతురు పరువు కాపాడి పోయాడు. ఆవిడ కూలబడి ఏడ్చింది. కొడుకు పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. రాజ్యం పక్కన కూర్చుని వీపు నిమిరింది. చివరికి దేవకృప కామరాజు రెండు చేతులూ పట్టుకుని, "నీ మీద నాకేం లేదు నాయనా, పేతురును నువ్వూ క్షమించు" అంది. ముగ్గురూ కలిసి కాఫీ తాగారు.

సంగతి తెలిసి సాయంత్రం వీరయ్య సంబరంగా వచ్చాడు.

"ఇగ ఈ ఐతారం బల్ల కాడికి వస్తరు గద టీచరమ్మా."

"ఎలా వస్తాను వీరయ్యా? నా కొడుకు కొట్టింది బుల్లబ్బాయిగారిని. ఆయన దగ్గరకు ఇప్పుడు నిన్ను పంపలేను గదా."