ఇంటికొక ఓటున్న ఫుట్‌బాల్ క్లబ్బు

కిందటి వారం అమలాపురంలో ఒక మందుల షాపు ముందు నిలబడి ఉండగా లోపల ఎవరి చేతిలోంచో టింక్చరు సీసా జారిపడి పగిలింది. ఆ ఘాటు ముక్కుకి తగలగానే నా కుడికాలి మడమ చురుక్కుమంది. నలభై ఏళ్లు దాటిన పుండు అది. ఇప్పుడు మచ్చ కూడా లేదు. అయినా ఆ వాసన వస్తే చాలు, మా ఊరి ఏటిగట్టు పక్కన పచ్చిక మీద కాళ్లు చాపుకుని కూర్చున్నట్టే ఉంటుంది. ఎదురుగా సలోమీ నర్సమ్మగారు దూది పట్టుకుని, "అరవకు. అవతలి జట్టువాళ్లు వింటారు" అంటున్నట్టే ఉంటుంది.

రాజోలు అవతల వశిష్ఠ ఒడ్డున మాది చిన్న లంక గ్రామం. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి రిటైరై, మా పేటలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవారు. పొట్టి మనిషి. తెల్ల చీర, ఎడమచేతికి మగవాళ్ల వాచీ. ఆ వాచీ ఆవిడ భర్తది. మా ఊరికి ఫుట్‌బాల్ తెచ్చి క్లబ్బు పెట్టింది ఆయనే. ఆయన పోయాక క్లబ్బు కూడా పోతుందని అందరూ అనుకున్నారు. నర్సమ్మగారు బంతిని ఒక్కసారి కూడా తన్ని ఎరగరు. కానీ ఆవిడ పేటలోనూ, రైతుల వీధిలోనూ ఇంటింటికీ వెళ్లి ఒక కొత్త కట్టుబాటు పెట్టారు. ఇంటికి నెలకి రెండు కొబ్బరికాయలు ఇవ్వాలి. ఇచ్చిన ప్రతి ఇల్లూ క్లబ్బుకి యజమానే. ఇంటికి ఒక్క ఓటు. రైతుల వీధిలో ఒకాయన, "పాతికెకరాలున్నవాడికీ ఒకటే ఓటా నర్సమ్మగారూ?" అని అడిగాడట. "మీ ఇంట్లో పురుడు పోసినప్పుడు కూడా ఒక్కణ్ణే బయటికి తీసేనండి. పాతికెకరాలున్నాయి కదా అని ఇద్దర్ని తియ్యలేదు" అన్నారట ఆవిడ. ఆయన నవ్వి కాయలు పంపించాడు. ఊళ్లో సగంమందిని ఈ లోకంలోకి తెచ్చిన చేతులు అవి. ఆ చేతులకి కాదని చెప్పడం ఎవరికైనా కష్టమే.

డెబ్బైల చివర్లో సంగతి ఇది. నాకు ఇరవై రెండేళ్లు. సత్తిరాజుగారని కొబ్బరి వ్యాపారి దగ్గర, గునపానికి గుచ్చి కాయలు వలిచే పనిలో ఉండేవాణ్ణి. సాయంత్రాలు క్లబ్బు జట్టులో ఎడమవైపు వెనక ఆడేవాణ్ణి. ఆ ఏడు మేం జిల్లాలో చిన్న లీగు గెలిచాం. గెలిచిన రోజు ఊరంతా పండగ చేసుకుంది. మర్నాటికి గాని మాకు అసలు విషయం తెలిసిరాలేదు. గెలిచినవాళ్లు పై ఏడు పెద్ద లీగులో ఆడాలి. అక్కడ కాకినాడ, రాజమండ్రి జట్లుంటాయి. వాటి వెనక మిల్లులుంటాయి. బూట్లు లేకుండా దిగనివ్వరు. మైదానం చుట్టూ కంచె ఉండాలి. ఏరు దాటి, బస్సులు మారి, ఊరూరా తిరగాలి. మేం పదకొండుమందిమీ అప్పటిదాకా ఆడింది ఒట్టికాళ్లతోనే.

అప్పుడు సత్తిరాజుగారు కబురుపెట్టారు. బూట్లూ బట్టలూ తానిస్తానన్నారు, తిరగడానికి లారీ ఇస్తానన్నారు. బదులుగా క్లబ్బు ఆయన పేరు మీద ఉండాలి. జట్టులో ఎవరుండాలో ఆయన చెబుతారు. బయటినుంచి అయిదారుగురు ఆటగాళ్లని తెస్తారు. నా వరకు నాకది దేవుడిచ్చిన వరంలా అనిపించింది. ఆ సాయంత్రమే నర్సమ్మగారి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాను.

"ఒప్పుకోండమ్మగారూ. కొబ్బరికాయలతో పెద్ద లీగులో నిలబడగలమా?" అన్నాను.

"నిలబడతామో లేదో నాకు తెలీదయ్యా దానం. తెలుసని ఎందుకు చెప్పాలి?"

"తెలీనప్పుడు తెలిసినాయన చేతిలో పెడితే మంచిది కదండీ."

ఆవిడ చేటలో బియ్యం ఏరడం ఆపారు. "ఆయన చేతిలో పెడితే గెలుస్తాం, నిజమే. గెలిచేది మాత్రం ఆయన. ఇప్పుడు ఓడిపోతే ఆ ఓటమైనా మనదవుతాది. అయినా ఇది నేను తేల్చేది కాదు. ఊరు తేలుస్తాది" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం మైదానంలో అందరూ కూడారు. సత్తిరాజుగారు కుర్చీ తెప్పించుకుని ముందు కూర్చున్నారు. ఊళ్లో ముప్పాతికమంది ఏదో రకంగా ఆయన దగ్గర పని చేసేవాళ్లమే. "చేతులెత్తించండి, అయిపోతాది" అన్నారాయన. నర్సమ్మగారు "ఆయ్" అని తల ఊపి, వెనక్కి తిరిగి ఒక మట్టికుండ ముందుకి జరిపారు. ఇంటికొక కందిగింజ, ఒక చింతపిక్క పంచారు. ఆయనకి ఇవ్వాలనుకుంటే కందిగింజ, వద్దనుకుంటే చింతపిక్క, గుప్పిట మూసి కుండలో వెయ్యాలి. మిగిలినదాన్ని ఏట్లో పారెయ్యాలి. పడేటప్పుడు చప్పుడులో తేడా తెలియకుండా కుండ అడుగున ఇసుక పోసి ఉంచారు. ఎవరెటు వేశారో తనకి తెలియాలని సత్తిరాజుగారు పట్టుబట్టారు. "నాకూ తెలుసుకోవాలనే ఉందండి. కానీ తెలుసుకోను" అన్నారావిడ. ఇంటి పెద్దగా మా ఇంటి గింజ నేనే వేశాను. కందిగింజ వేశాను.

లెక్కపెడితే చింతపిక్కలు తొమ్మిది ఎక్కువ వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే కొట్టులో సత్తిరాజుగారు మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కణ్ణే అడిగారు. అందరూ "మీకేనండి, మీకేనండి" అన్నారు. నా వంతు వచ్చింది. నేను నిజం చెబితే చాలు, ఆయనకి కావలసిన జవాబు అదే. "ఏరా, నా ఉప్పు తిని నువ్వెటేసేవు?" అన్నారాయన గడ్డం పైకెత్తి. ఆ క్షణాన నాకేమయిందో నేటికీ సరిగ్గా చెప్పలేను. నేను తిన్నది నా చేతుల కష్టం. ఇసుక పోసి మరీ దాచిన గింజని ఈయన నా నోట్లోంచి పీకి తీస్తున్నాడనిపించింది. "వద్దనే వేసేనండి" అన్నాను. "అయితే గునపం అక్కడ పెట్టి పో" అన్నారు. పెట్టి వచ్చేశాను.

తిన్నగా నర్సమ్మగారి ఇంటికి వెళ్లాను.

"అమ్మగారూ, నేను కందిగింజే వేసేను" అన్నాను.

"మరి ఆయనతో అలా ఎందుకన్నావు?"

"ఆయన అడిగిన తీరుకండి."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, కళ్ల నీళ్లు తిరిగేదాకా నవ్వారు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "మళ్లీ ఓటు పెడితే చింతపిక్క వేస్తావా?" అని అడిగారు.

"అప్పుడు చూడాలండి."

"చూసే వెయ్యి. నాకోసం వెయ్యకు" అన్నారు. నా జీవితంలో నన్ను అంత గౌరవించిన మాట మరొకటి లేదు. ఆ వారమే రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు మీద నాకు పని చూపించారు. ఆ నెలలోనే ఆటగాళ్లందరూ కలిసి నన్ను కెప్టెన్ చేశారు. అందులో ఆవిడ చెయ్యి ఉందో లేదో నేను అడగలేదు.

ఆ ఎండాకాలం ఊరు చేసిన పని చూడవలసింది. ఆడవాళ్లు పేట అరుగుల మీద కొబ్బరి పీచు తాళ్లు పేని మైదానం చుట్టూ కంచె కట్టారు. జుబ్బాలు కుట్టే దర్జీ మాకు చొక్కాలు కుట్టాడు. బూట్లు కాకినాడ నుంచి పాతవి తెచ్చుకున్నాం. నా వంతుకి వచ్చిన జత ఒక అంగుళం చిన్నది. నా మడమ పుండు అక్కడిదే. మొదటి ఆటకి కాకినాడ వెళ్లి ఆరు గోల్సు తిని వచ్చాం. తెల్లవారేసరికి నర్సమ్మగారు వాచీ చూసుకుంటూ మైదానంలో నిలబడి ఉన్నారు. "రెండో సగంలో మీకు ఊపిరి చాల్లేదు. ఆట నాకు తెలీదు గానీ ఊపిరి నాకు తెలుసు. పరిగెత్తండి" అన్నారు. ఇసుక తిన్నెల మీద నెల రోజులు పరిగెత్తించారు.

మూడో ఆట మా ఊళ్లోనే. ఒక పెద్ద మిల్లు జట్టు వచ్చింది. వాళ్లకి రైతుల వీధిలో భోజనాలు, పేటలో విశ్రాంతి ఏర్పాటు చేశారు. ఆ రెండు చోట్లకీ ఒకే జట్టు అతిథిగా వెళ్లడం మా ఊళ్లో అదే మొదలు. ఆటలో వాళ్లు ముందు గోలు కొట్టారు. చివర్లో మేం రెండు కొట్టాం. మిల్లు మేనేజరు మర్యాదస్తుడు. ఆట అయ్యాక వచ్చి, "ఈ క్లబ్బు ఓనరుగారెవరండీ? ఒకసారి చెయ్యి కలపాలి" అన్నాడు. నర్సమ్మగారు తాడు వెనక నిలబడ్డ జనాన్ని చూపించారు. "వీళ్లందరూనండి. ఆ చివర్నుంచి మొదలెట్టండి, పొద్దుపోతాది." ఆయన నిజంగానే మొదలుపెట్టాడు. చేపలమ్మే సూరమ్మ చెయ్యి చీరకి తుడుచుకుని మరీ ఇచ్చింది.

అలా నాలుగేళ్లు పెద్ద లీగులో ఉన్నాం. ఏ ఏడూ పై వరసలో లేం. నాలుగో ఏడు చివరి ఆట రాజమండ్రిలో ఓడిపోయి కిందికి జారాం. తిరిగి వస్తుంటే రేవులో సత్తిరాజుగారు ఎదురయ్యారు. "చెప్పేను కదా నర్సమ్మగారూ, నిలబడలేరని." ఆయన గొంతులో కసి కన్నా జాలే ఎక్కువ వినపడింది. నాకు అదే ఎక్కువ మండింది.

"నాలుగేళ్లు నిలబడ్డామండి. ఈ నాలుగేళ్లలో మీ లారీకి రెండుసార్లు ఇంజను మార్చేరు" అన్నారు నర్సమ్మగారు. "కిందికి దిగడం తప్పు కాదండి. చిన్నదాంట్లోంచే కదా వెళ్లేం. దారి తెలుసు."

మూడేళ్లకి మళ్లీ ఎక్కాం. మళ్లీ దిగాం. ఆ రెండోసారి దిగినప్పటికి ఆవిడ లేరు. ఒక వానాకాలం జ్వరం వచ్చి, పడుకున్న పదిరోజులకే పోయారు. సమాధుల తోటకి ఆవిణ్ణి ఆటగాళ్లమే మోసుకెళ్లాం. సత్తిరాజుగారు మా వెనకే గొడుగు లేకుండా నడిచి వచ్చారు.

చిన్న ఊరి క్లబ్బు పెద్ద ఆటలో నిలబడగలదా అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. నిలబడినన్నాళ్లు నిలబడుతుంది, పడితే లేస్తుంది. అమ్ముడుపోయిన క్లబ్బులు పైనే ఉండిపోయాయా? మాతో ఆడిన మిల్లు జట్లలో సగం మిల్లులతో పాటే మూతపడ్డాయి. మాది నడుస్తోంది. ఇప్పుడు దాని సెక్రటరీని నేను.

మొన్న ఏదో కంపెనీ తరఫున కారులో ఒక యువకుడు వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు. మైదానం చదును చేయిస్తానన్నాడు, కోచ్‌ని పెడతానన్నాడు, క్లబ్బు మాత్రం తమ పేరు మీద ఉండాలన్నాడు. నేను కాదనలేదు, అవుననలేదు. ఆదివారం ఊరు కూడుతుంది, వచ్చి చెప్పుకోమన్నాను. వచ్చాడు. కుర్చీ వెతుక్కుంటుంటే పచ్చిక చూపించాను. ప్యాంటు ముడుచుకుని కూర్చున్నాడు. రైతుల వీధి నుంచి ఒక పెద్దాయన లేచి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆయన వెనక మాట్లాడవలసినవాళ్లు ఇంకా నలభైమంది ఉన్నారు.

"ఇది ఎంతసేపు పడుతుందండీ?" అన్నాడతను నా చెవి దగ్గరికి వంగి.

"అందరూ మాట్లాడేదాకానండి" అన్నాను.