పదిహేడో స్లైడు ఊపిరి

దయ్యాలంటే నాకు చిన్నప్పటినుంచీ వెటకారమే. మేం ఆదివారం చర్చికి పోతాం, మిగతా ఆరు రోజులూ నేను ల్యాబ్‌కి పోతాను. ఈ రెండు చోట్లా దయ్యానికి పని లేదని నా నమ్మకం. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే “గ్రాఫ్ ఉందా?” అని అడిగి నోరు మూయించేదాన్ని. ఇప్పుడు గ్రాఫ్ నా దగ్గరే ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఇది రాస్తున్నాను.

నెల్లూరులో ఒక మెడికల్ కాలేజీ పరిశోధన ల్యాబ్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. చనిపోయినవాళ్ల మెదడు ముక్కల్ని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పరీక్షించడం మా పని. ఉల్లిపొరకన్నా పల్చగా కోసిన ముక్కను స్లైడు మీద పరిచి, దాని గుండా కంటికి కనిపించని కిరణాన్ని పంపిస్తాం. కొవ్వు ఒకచోట, ప్రోటీన్ ఇంకోచోట ఆ కిరణాన్ని పీల్చుకుంటాయి. పీల్చుకున్న చోట కంప్యూటర్ తెర మీద గీత గుట్టలాగా లేస్తుంది. మతిమరుపు జబ్బులో మెదడు లోపల ఏం పాడైందో ఆ గుట్టల్ని బట్టి తెలుసుకోవాలని మా ప్రయత్నం.

ఈ పనిలో ఒక నియమం ఉంది. యంత్రం దగ్గర ఊపిరి వదలకూడదు. మనిషి ఊపిరిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ కిరణాన్ని పీల్చుకుంటుంది. తెర మీద 2350 అనే అంకె దగ్గర జంట గుట్ట లేస్తుంది. అందుకే స్లైడు పెట్టే అరను గట్టిగా మూసి, లోపలికి పొడి నైట్రోజన్ వదిలి, మాస్క్ కట్టుకుని దూరంగా కూర్చుంటాం. కొత్తగా చేరినవాళ్లు అర తెరిచి దాని మీదకి వంగి చూస్తారు. వెంటనే గీతలో దొరికిపోతారు, మా చేత చీవాట్లు తింటారు.

స్లైడ్లకు పేర్లు ఉండవు, నంబర్లే. ఎవరి మెదడో మాకు తెలియకూడదు. అది చాలా మంచి పద్ధతని కొత్తవాళ్లకు పాఠం చెప్పింది కూడా నేనే.

నిరుడు మా నాయన పోయాడు. రొయ్యల గుంటల దగ్గర మోటార్లు చూసుకుంటూ బతికిన మనిషి. చివరి మూడేళ్లు ఆ మతిమరుపు జబ్బుతోనే మంచాన పడ్డాడు, నన్ను కూడా గుర్తుపట్టలేదు. మా కాలేజీ ఆసుపత్రిలోనే కన్నుమూశాడు. ఆయనకు కట్టడానికి తెల్లబట్టలు తేవాలని నేను ఇంటికి పోయాను. అప్పుడు ఆయన దగ్గర ఉన్నది మా శామ్యూల్ అన్న ఒక్కడే. నేను తిరిగి వచ్చేసరికి తలకు గుడ్డ చుట్టి ఉంది. జుట్టు దువ్వుతానంటే అన్న వద్దన్నాడు. మర్నాడు మా ఊరి సమాధుల తోటలో పూడ్చిపెట్టాం.

కొన్నాళ్లకు పనిలోకి వచ్చాను. మా ల్యాబ్ పెద్ద మేడమ్. ముక్క కోయడం దగ్గరనుంచి గీత చదవడం దాకా నాకు చెయ్యి పట్టి నేర్పింది ఆవిడే, సొంత అక్కలాగా చూసేది. “కొత్తవి వచ్చినాయి గ్రేస్, నీ చెయ్యైతే వణకదు” అని కొన్ని ముక్కలు నా చేతికిచ్చింది. అందులో పదిహేడో నంబరు ఉంది.

మొదటిరోజే పదిహేడులో 2350 దగ్గర గుట్ట లేచింది. నైట్రోజన్ కారిపోతోందనుకున్నాను. సిలిండర్ మార్చాను, మళ్లీ లేచింది. పదిహేడు తీసి పదహారు పెడితే లేదు. ఖాళీ స్లైడు పెడితే లేదు. మళ్లీ పదిహేడు పెడితే ఉంది. చెన్నై నుంచి సర్వీస్ ఇంజనీర్ వచ్చి రబ్బర్లన్నీ మార్చి, బ్రహ్మాండంగా ఉందని చెప్పి టీ తాగి పోయాడు. ఆ మధ్యాహ్నమే మళ్లీ వచ్చింది.

మేడమ్‌కి చూపించాను. ఆవిడ తెర వంక సరిగా చూడను కూడా చూడలేదు. “ఆ భాగం కత్తిరించేయ్. అక్కడ ఎవరూ చూడరులే” అంది. అది నిజమే, గ్రాఫులో ఆ భాగాన్ని అందరూ తీసేస్తారు. రెండు నెలలపాటు నేనూ తీసేశాను. నా చేత్తో, రోజూ.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, ఊరికే లైవ్‌లో పెట్టి చూశాను. లైవ్‌లో గీత సెకను సెకనుకూ మారుతుంది. గుట్ట లేచింది, పడిపోయింది. లేచింది, పడిపోయింది. అలా నాలుగైదుసార్లు. తర్వాత గీత చదునుగా ఉండిపోయింది. ఇంక రాదేమో అనుకునేంతసేపు ఆగి, ఒక్కసారిగా పెద్దగా లేచింది.

మంచాన పడ్డాక మా నాయన నిద్రలో ఊపిరి తీసింది ఇలాగే. నాలుగైదు తీసి ఆపేసేవాడు. నేను ఆయన పక్కమీద కూర్చుని, అయ్యో దేవుడా, తర్వాతది వస్తుందా రాదా అని బిక్కుబిక్కుమంటూ చూసేదాన్ని. అప్పుడు ఒక పెద్ద ఊపిరి తీసేవాడు.

మర్నాడు మేడమ్ మీటింగ్‌లో ఉండగా ఆవిడ బీరువా తెరిచాను. తప్పే. చేశాను. పదిహేడో నంబరు కవరులో అంగీకారపత్రం ఉంది. కింద మా అన్న సంతకం. సాక్షి సంతకం మేడమ్‌ది.

మేము దేహాన్ని ఉన్నది ఉన్నట్టుగా మట్టికి అప్పజెప్పి, ప్రభువు పిలిచినరోజున లేస్తారని నమ్మేవాళ్లం. సమాధి మీద నేను పూలు పెట్టి ఏడుస్తున్నప్పుడు ఆ పక్కనే నిలబడిన అన్నకూ మేడమ్‌కూ ఇద్దరికీ తెలుసు, లోపల నాయన మొత్తంగా లేడని. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పైగా ఆయన్ని పొరలు పొరలుగా కోసింది నేను. కోయించింది నా చేత.

మీటింగ్ నుంచి వచ్చిన మేడమ్ ముందు ఆ కాగితం పెట్టాను. ఆవిడ తలదించుకుని “పేరు చెప్పకూడదని రూల్ కదా గ్రేస్” అంది. ఆ రూల్ నాకే చెప్పింది చూడండి! నేను బయటికి వచ్చేశాను. అక్కడే ఉంటే ఏమనేదాన్నో నాకే భయం వేసింది.

అన్నను మాత్రం వదల్లేదు. వాళ్లింటికి పోయి కడిగిపారేశాను.

“నాయనే చెప్పినాడు మే” అన్నాడు అన్న. “జబ్బని తెలిసిన కొత్తల్లో, మతి బాగున్నప్పుడే. ఈ జబ్బు నాతో పోవాల, నా మెదడు ఎవురికైనా పనికొస్తే ఇచ్చేయ్ అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. ఏడ్చి ఆపేస్తావంట.”

“అబద్ధం. పోయినోళ్ల మీద తోసేస్తే అడిగేవాళ్లు ఉండరని.”

“ప్రభువు తోడు, నిజం.”

నేను నమ్మలేదు. కోపంలో ఆ గుట్టల సంగతి కూడా చెప్పేశాను. నవ్వుతాడనుకుంటే ముఖం పాలిపోయింది. “దా, ఆయన ముందర కూర్చోని చెప్పు ఆ మాట” అని మర్నాడు పొద్దున పదకొండు గంటలకు ల్యాబ్‌కి తీసుకుపోయాను. మాస్క్ కట్టించి, యంత్రానికి దూరంగా తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. అర మూసి ఉంది. నైట్రోజన్ పూర్తిగా వస్తోంది. నేనే రెండుసార్లు సరిచూశాను.

చాలాసేపు గీత చదునుగానే ఉంది. అన్న అబద్ధం బయటపడిందని లోపల్లోపల సంతోషించాను కూడా. అప్పుడు అన్న మాస్క్ లోపలనుంచే సన్నగా అన్నాడు. “నాయనా, నువ్వు చెప్పినట్టే చేసినాను. గ్రేస్ పాపకు నువ్వే చెప్పు.”

గుట్ట లేచింది. పడింది. మళ్లీ లేచింది. ఈసారి మధ్యలో ఆగడం లేదు, చివర్లో పెద్ద ఊపిరీ లేదు. ఒకే కొలతలో నెమ్మదిగా, గుంటల దగ్గరనుంచి వచ్చి అన్నం తిని పడుకున్న మనిషి నిద్రపోయినట్టుగా. పన్నెండు నిమిషాలు వచ్చింది. రికార్డు చేశాను. అన్న వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నేను తెర ముందునుంచి కదల్లేకపోయాను.

ఆ తర్వాత పదిహేడో స్లైడులో ఆ గుట్ట మళ్లీ రాలేదు. అన్న లేనప్పుడు పెట్టి చూశాను. తలుపులు వేసుకుని “నాయనా, నేను గ్రేస్‌ని” అని కూడా పిలిచాను. గీత చదునుగానే ఉంది.

మిగిలిన ముక్కల్ని మేడమ్ సంతకం పెట్టి తిరిగి ఇచ్చేసింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు, నాయన పక్కనే పూడ్చాం. నేను వేరే విభాగానికి మారిపోయాను. ఆ పన్నెండు నిమిషాల రికార్డును ఇద్దరు తెలిసినవాళ్లకు చూపిస్తే ఇద్దరూ గాలి లోపలికి పోయిందన్నారు. ఎలా పోయిందో చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

అన్న నిజమే చెప్పాడని ఒప్పుకోవాల్సి వచ్చింది. నా కడుపు మండేది అక్కడే. రెండు నెలలు నా ముందు ఊపిరి తీసిన నాయన, అన్న ఒక్కమాట అనగానే నెమ్మదించి వెళ్లిపోయాడు. రోజూ పరాయివాళ్ల మెదళ్లు కోసే కూతురు తన మెదడు దగ్గర మాత్రం ఏడ్చి ఆపేస్తుందని ఆయనే అనుకున్నాడు. ఆపేదాన్నేమో. లేకపోతే ఆ కాగితం మీద మొదటి సంతకం నేనే పెట్టేదాన్నేమో. అడిగి ఉంటే తెలిసేది. నన్ను ఎవరూ అడగలేదు.