పుట్టుమచ్చ అని రాసిన మచ్చ

కరోనా తగ్గిన మరుసటి ఏడు నేను కువైట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కన్సల్టెంట్ పెథాలజిస్టుగా ఉన్నాను. ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి జబ్బు పేరు చెప్పడం మా పని. రోగి ముఖం మాకు కనపడదు. ముక్కతో పాటు వచ్చే కాగితమే మాకు రోగి.

ఆ వేసవిలో చర్మవైద్య విభాగం నుంచి మిరియపు గింజంత ముక్క వచ్చింది. పేరు రెడ్డెమ్మ, సబా అల్ సలేం అనే పేటలో ఒకరింట్లో పనిమనిషి. ముంజేతి మీద పుట్టుమచ్చలో చిన్న గడ్డ, ముట్టుకుంటే జివ్వుమని నొప్పి అని కాగితంలో ఉంది. స్లైడు మీద వంకర టింకర నరకణాలు కనిపించాయి. పుట్టుమచ్చ అన్నారు కదా అని ‘న్యూరోఫైబ్రోమా కావచ్చు’ అని రాసేశాను. అది నరాల తొడుగులో పుట్టే హాని లేని గడ్డ. కొందరిలో మాత్రం వంశపారంపర్యంగా ఒళ్లంతా వస్తుంది. అందుకని మిగతా ఒళ్లు కూడా పరీక్షించమని నా తెలివికొద్దీ ఒక వాక్యం చేర్చాను.

ఆ వాక్యమే ఆమె కొంప ముంచింది. రెండు రోజులకు చర్మవైద్యురాలు ఫోన్ చేసింది. రెడ్డెమ్మ యజమానురాలు ఆ జబ్బు పేరును ఫోన్‌లో వెతికి, ఒంటినిండా గడ్డలున్న మనుషుల ఫోటోలు చూసి హడలిపోయిందట. పసిపిల్లలున్న ఇల్లు, ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, రద్దు చేయించి దేశానికి పంపేస్తానంటోందట.

నాకు చిర్రెత్తింది, ముందు ఆవిడ మీద, తరువాత నా మీద. న్యూరోఫైబ్రోమా సాధారణంగా అంత నొప్పి పెట్టదు. నొప్పి సంగతి కాగితంలో ఉన్నా నేను పట్టించుకోలేదు. అదే ముక్కను ఇంకా లోతుగా కోయించి కొత్త స్లైడ్లు చూశాను. ఈసారి గాయం మానిన మచ్చలో నరాల కట్టలు చిక్కుపడి ఉన్నాయి. దెబ్బతిన్న నరం మళ్లీ పెరగబోయి, దారి దొరక్క ఉండకడితే అలా ఉంటుంది. దాన్ని ట్రామాటిక్ న్యూరోమా అంటారు. గాయం కాకుండా అది రాదు.

ఇద్దరినీ పిలిపించాను. యజమానురాలిని బయట కూర్చోమని, రెడ్డెమ్మను తెలుగులోనే అడిగాను.

“అక్కడ ఇంతకుముందెప్పుడైనా దెబ్బ తగలడం గానీ, కాలడం గానీ జరిగిందా అమ్మా? కంగారు పడకుండా చెప్పు.”

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. “నాకు ఏడేండ్లప్పుడు కామెర్లొచ్చింటే మా అవ్వ వాత పెట్టిచ్చింది సార్. కామెర్లని తెలిస్తే ఈడ మెడికల్ టెస్టులో ఫెయిల్ చేసి పంపిచ్చేస్తారని మావోళ్లు చెప్పినారు. డాక్టరమ్మ అడిగినప్పుడు మా ఇంటామె, మామా, పక్కనే ఉండె. అందుకే పుట్టుమచ్చ అని చెప్పినా.”

నాకు సిగ్గేసింది. పంపేస్తారన్న భయంతో ఆమె అబద్ధమాడింది, ఆ అబద్ధాన్ని నమ్మి నేను ఆమెను పంపేసేంత పని చేశాను.

పాత కాలిన మచ్చలో వచ్చిన ట్రామాటిక్ న్యూరోమా, వంశపారంపర్యం కాదు, మిగిలిన గడ్డను కూడా కోసి తీసేస్తే సరి అని సవరించిన రిపోర్టు ఇచ్చాను. కామెర్ల మాట రాయలేదు. అది ఎప్పుడో చిన్ననాటి జబ్బు, ఇక్కడ చేసిన రక్తపరీక్షలన్నీ శుభ్రంగానే ఉన్నాయి. మామా “అంటదు కదా?” అని రెండుసార్లు అడిగింది. అంటదన్నాను. “ఖలాస్, యల్లా”, అయిపోయింది పద, అని రెడ్డెమ్మను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లింది.

ఆ నెలలోనే మా కాగితంలో ఒక గడి చేర్పించాను: ‘ఈ వివరాలు చెప్పినప్పుడు రోగి పక్కన ఉన్నది ఎవరు?’ నేను రిటైరయ్యేదాకా, ఇంటిపనివాళ్ల కాగితాల్లో ఆ గడిలో ఎక్కువగా కనిపించిన జవాబు ‘యజమాని’. అది చూసినప్పుడల్లా స్లైడు పక్కన పెట్టి, ముందు రోగిని ఒంటరిగా పిలిపించేవాణ్ని.