తెరమీద పిల్లవాడి ఏడుపు

ఆ సినిమాను నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి సగంలో లేచి వచ్చేశాను. రెండోసారి చివరిదాకా కూర్చున్నాను. ఈ రాత్రి ఇది రాస్తుంటే కూడా దాని మీద నాకు కోపం తగ్గలేదు. అందులో కొంత నా మీద కూడా.

బాబు పుట్టాక మేము చూసిన మొదటి సినిమా అది. వాడికప్పుడు తొమ్మిదో నెల. తార్నాకలో ఒక మేడింట్లో కింది పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. మా ఆయనకు యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉద్యోగం. నేను అక్కడే పీహెచ్‌డీ చేస్తున్నాను. పెళ్లికి ముందు మొదలుపెట్టి, కడుపుతో ఉన్నప్పుడు ఆపేసి, మళ్లీ పట్టుకున్నాను. జూన్‌లోగా రెండు చాప్టర్లు ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుందని గైడ్ ఖచ్చితంగా చెప్పేశారు. కర్నూలు నుంచి వచ్చి మా దగ్గర ఉండేంత తీరిక మా వాళ్లెవరికీ లేదు. అందుకని పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడింటిదాకా బాబును చూసుకోవడానికి లాలాపేట్ నుంచి ఒకామె వచ్చేది. యాభై దాటిన మనిషి. ఎన్నో ఇళ్లలో పిల్లల్ని పెంచిన చేతులు. నేను అవ్వా అనేదాన్ని. ఆమె నన్ను బిడ్డా అనేది.

గుమ్మం దాకా వెళ్లి మూడుసార్లు వెనక్కి వచ్చేదాన్ని. “నువ్వు పో బిడ్డా. నువ్వు దర్వాజల నిలవడితే పిలగాడు గూడ నిన్నే సూస్తడు,” అని తరిమేది. పిల్లల ఏడుపులు ఎన్ని రకాలో ఆమే నాకు చెప్పింది. ఆకలేడుపు ఆగి ఆగి వస్తుందట. నొప్పి ఏడుపు ఒక్కసారిగా లేస్తుందట. నిద్రేడుపు ఈగ ముసిరినట్టు ఒకే తీరుగా సాగుతుందట. నేను తలూపేదాన్ని గానీ, నాకు అన్నీ ఒకలాగే వినిపించేవి. ఏ ఏడుపు విన్నా నా గుండె ఒకలాగే కొట్టుకునేది.

ఒక ఆదివారం మా ఆయన, “ఏడాది అయింది, సినిమాకి పోదాం పద,” అన్నాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక వచ్చి బాబును చూసుకుంటానంది అవ్వ. సీతాఫల్‌మండి వైపు థియేటర్‌లో మ్యాట్నీకి వెళ్లాం. ఊరంతా మెచ్చుకుంటున్న సినిమా. కథ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఒకావిడ బ్యాంకులో ఆఫీసరు. పసివాణ్ణి ఆయాకు అప్పగించి ఆఫీసుకు పోతుంది. అత్తగారు వద్దంటుంది, ఈవిడ వినదు. ఆయా పాలసీసాలో నిద్రమాత్ర పొడి కలిపి, పిల్లవాడు పడుకోగానే తన షికారుకు తాను పోతుంది.

తెరమీద ఆ తెల్లటి పొడి పాలలో పడటం చూశాక ఇక కూర్చోలేకపోయాను. మా ఆయన చెయ్యి పట్టుకుని, “లెయ్, ఇంటికి పోదాం,” అన్నాను.

“ఏమైంది?”

“బాబు...”

“అవ్వ ఉంది కదా వాడి దగ్గర.”

“అదే!” అన్నాను.

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. బాబు పడుకుని ఉన్నాడు. వాడు ఆ వేళప్పుడు ఎప్పుడూ పడుకోడు. పక్కన సీసాలో రెండు వేళ్లెత్తు పాలు మిగిలి ఉన్నాయి. నేను చెప్పులు కూడా విప్పలేదు. వాణ్ణి పట్టి కుదిపేశాను. వాడు కెవ్వుమని లేచాడు. వాణ్ణి ఒక చంకనేసుకుని, రెండో చేత్తో సీసా పాలపీక ఊడబీకి, ఆ పాలు నోట్లో పోసుకుని చప్పరించాను.

పాలు పాలలాగే ఉన్నాయి.

తలెత్తితే వంటింటి గుమ్మంలో అవ్వ. చేతిలో బాబు ఉగ్గుగిన్నె, చేతులు తడిగా ఉన్నాయి. అంతా చూసింది. “పండ్లొస్తున్నయి పిలగానికి. మీరు పోయినకాడికెల్లి ఏడ్సి ఏడ్సి గిప్పుడే పండుకున్నడు,” అంది. గిన్నె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుంది. “పోతున్న, మేడం.”

అప్పటిదాకా ఆమె నన్ను ఒక్కసారి కూడా మేడం అనలేదు.

సోమవారం పొద్దున వచ్చింది. నేను పుస్తకాలు సర్దుకుంటుంటే నా ముందుకొచ్చి నిలబడి పాలు కలిపింది. నాలుగు చుక్కలు తన అరచేతిలో వేసుకుని నాకింది. “సూసినవా మేడం,” అని, అప్పుడు బాబు నోటికి పెట్టింది. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. వద్దు అవ్వా అంటే, “ఉండనీ మేడం, మంచిదే గద,” అనేది. తిట్టినా బాగుండేది.

పైగా పైపోర్షన్ ఓనరాంటీ. మంగళవారం మూడింటికి నేను వచ్చేసరికి మెట్లమీద కూర్చుని, గోంగూర తుంచుతూ, వినేవాళ్లకీ విననివాళ్లకీ ఆ సినిమా చెప్తోంది. నేను చూడని సగం ఆమె నోటే విన్నాను. పిల్లవాడు ఆస్పత్రి పాలవుతాడు. తల్లి ఉద్యోగం మానేసి అత్తగారి కాళ్లమీద పడుతుంది. పిల్లవాడు కళ్లు తెరుస్తాడు.

“ఏడ్చి ఏడ్చి నా కొంగంతా తడిసిపోయిందనుకో. ఎంత మంచి సందేశం! నీ బాబే గుర్తొచ్చాడమ్మా నాకు. ఇంకో రెండేళ్లు ఆగితే ఏం పోయింది ఆ చదువుకి?”

అవ్వ అక్కడే తీగమీంచి బాబు బట్టలు తీసి మడత పెడుతోంది. ఆంటీ ఆమె వైపు తిరిగి నవ్వింది. “నిన్ను కాదులే, ఆ సినిమాలో ఆయా సంగతి.”

“అవునమ్మా,” అంది అవ్వ. “నన్నెందుకంటరు.”

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏమనను? ఆంటీ మాటతో అంది. నేను నోటితో పాలు రుచి చూసి మరీ అన్నాను.

డిపార్ట్‌మెంట్‌లోనూ అదే గోల. బుధవారం క్యాంటీన్‌లో నాతోపాటు రీసెర్చ్ చేసే ఒకతను, నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చినవాడు, మంచివాడే, సమోసా తింటూ ఆ సినిమాను పొగుడుతున్నాడు. “మెలోడ్రామానే అక్కా, ఒప్పుకుంట. కని లాస్ట్‌ల నాకు గూడ నీళ్లొచ్చినయ్. అమ్మ విలువ ఏందో చూపెట్టిండు.”

“మీ అమ్మ నిన్నెలా పెంచింది?” అని అడిగాను.

“మా అమ్మనా? కూలికి పోయేది. గట్టుమీద నీడకు బొంత పరిచి పండబెట్టి, మా అక్కను కాపలా ఉంచి, నాట్లేసేది.”

“మీ అక్కకు అప్పుడెన్నేళ్లు?”

“ఆరో, ఏడో.”

“మరి మీ అమ్మ ఎవరి కాళ్లమీద పడాలి?”

అతని నవ్వు ఆగిపోయింది. “గది వేరక్కా. గది అవసరం.”

“ఎట్లా వేరు?” నా గొంతు పెరిగింది. పక్క బల్లవాళ్లు చూశారు. “నాటు వేసే తల్లి బిడ్డను వదిలితే అవసరం, బ్యాంకులో కూర్చునే తల్లి వదిలితే పాపమా? ఆ పిల్లవాడి తండ్రి సినిమా మొత్తంలో ఒక్కసారైనా సీసా కడిగాడా? వాడెందుకు పడడు ఎవరి కాళ్లమీదా?”

“ఊకోండక్కా, సినిమానే గదా,” అన్నాడు.

సినిమానే కదా! ఆ మాటే నాకు పట్టరాని కోపం తెప్పించింది. ఏడ్చేటప్పుడు నిజంలా ఏడుస్తారు. ఆ కన్నీళ్లు తుడుచుకుని వచ్చి నాకు బుద్ధి చెప్తారు. నిలదీస్తే, సినిమానే కదా.

గురువారం అవ్వ చెప్పేసింది. ఒకటో తారీకు నుంచి రానని. ఆ ఒకటో తారీకు ఇంకో పది రోజుల్లో ఉంది. జూన్‌కు రెండు నెలలు. ఇంకెవరి చేతుల్లో పెట్టను వీణ్ణి? ఇంకెవరిని పెట్టుకున్నా వాళ్ల పాలు కూడా రుచి చూస్తాను, ఆ సంగతి నాకు తెలిసిపోయింది.

“అవ్వా, సినిమా చూసి నా బుద్ధి గడ్డి తింది. నిన్ననుమానించి కాదు.”

“అనుమానించకుంటే ఎట్ల తాగినవ్ మేడం?” అంది. బాబును భుజం మార్చుకుంటూ, “గంత ఏమున్నది గా సినిమాల? నాకు సూపెట్టు. నేను గూడ సూస్త, నాసుంటిది ఏం జేసిందో.”

ఆదివారం బాబును మా ఆయన మీద వదిలేసి ఇద్దరం వెళ్లాం. ఆయన మూడు గంటలు ఒంటరిగా వాడితో ఉండటం అదే మొదలు. “ఏడిస్తే ఏం చెయ్యాలి?” అని అడిగాడు. “ఎందుకేడుస్తున్నడో సూడు సారూ,” అంది అవ్వ. ప్రార్థనకు కట్టుకున్న తెల్లచీరతోనే వచ్చింది, చేతిలో సంచీ.

సినిమా మొదలైనప్పటి నుంచీ ఆమె ఊరుకోలేదు. “మెడకింద చెయ్యి పెడ్తలేదు సూడు, గట్లనా ఎత్తుకునేది?” అంది. ముందు వరసలో ఎవరో ష్ అన్నారు. “నీకేం తెలుసు, నువ్వు పెంచినవా?” అని ఆ ష్‌కు జవాబు. నాకు నవ్వొచ్చింది. ఆయా మాత్ర నూరినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

తర్వాత నేను చూడని సగం. ఆస్పత్రి. పిల్లవాడి మొహం తెరంతా నిండింది. గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వయొలిన్లు అందుకున్నాయి. హాలంతా ముక్కులు ఎగబీలుస్తోంది. వెనకాల ఎవరో వెక్కిళ్లు పెడుతున్నారు.

అవ్వ ముందుకు వంగింది. “గిది పానం బాగలేని ఏడుపు గాదు.”

“ఏమిటి?”

“పానం బాగలేకుంటే పిలగాడు మూలుగుతడు. గంత బలం ఉండదు. గిల్లిన్రు వాణ్ణి. గిప్పుడే గిల్లిన్రు.” నా ముంజెయ్యి గట్టిగా పట్టుకుంది. “కండ్లు సూడు. తల్లి ఏషం గట్టినామె ఎదురుంగ ఉన్నది, ఆమె దిక్కు సూస్తుండా? పక్కకు సూస్తుండు. ఆడ ఉన్నది వాని తల్లి. రమ్మని ఏడుస్తుండు.”

చూశాను. నిజమే. పిల్లవాడు తెర అంచువైపు, మనకు కనిపించని చోటికి, రెండు చేతులూ చాపుతున్నాడు. హీరోయిన్ వాణ్ణి గుండెలకు అదుముకుని డైలాగ్ చెబుతోంది. వాడు ఆమె భుజం మీంచి అటే చూస్తున్నాడు. కథలో తల్లి దొరికింది కాబట్టి హాలంతా ఏడుస్తోంది. ఆ పిల్లవాడికి మాత్రం వాడి తల్లి దొరకలేదు. వాడి ఏడుపు ఒక్కటే ఆ సినిమాలో నిజం. దాన్ని ఒక్కరూ వినలేదు. రెండు వారాలుగా ఊరంతా మెచ్చుకుంటున్న సినిమా ఇది. తల్లి విలువ చెప్పడానికి ఒక తల్లిని కెమెరా వెనక నిలబెట్టి, ఆమె బిడ్డను గిల్లారు.

నేను కూడా ఏడ్చాను. హాలువాళ్లు నన్ను చూసి సినిమా పనిచేసిందనుకుని ఉంటారు.

బయటికొచ్చాక సోడాబండి దగ్గర నిలబడ్డాం. అవ్వ సోడా తాగి, మూతి తుడుచుకుని అంది: “గా ఆయా అసుంటోళ్లు ఉంటరు. లేరనను. నువ్వు బుగులు పడ్డవ్, గది గూడ తప్పనను. కని ఆర్నెల్ల సంది నీ పిలగాడు నా మీద పండుకుంటుండు. నన్ను అడగకపోతివి. పాలను అడిగినవ్.”

“తప్పయింది అవ్వా,” అన్నాను.

ఆమె ఖాళీ సోడా సీసా బండిమీద పెట్టి, సంచీ అందుకుంది. “నీ ఇంటికైతే ఇగ రాను. నువ్వు తలుపు సందుల కెల్లి సూస్తుంటే నాతోని గాదు. నా ఇంటికి తెచ్చి ఇడువు. నమ్మితే తే. లేకుంటే లేదు.”

ఆ మాటకు మా ఇంట్లో రెండు రోజులు రగడ. “లాలాపేట్‌లోనా? అక్కడ వాడికేం పెడుతుందో, ఎవరొస్తారో, మనకేం తెలుస్తుంది?” అన్నాడు మా ఆయన. “ఆదివారం నువ్వు మూడు గంటలు చూశావు కదా, వాడు పాలు కక్కుకుంటే, ఆ డోకు ఎందుకొచ్చిందో నీకు తెలిసిందా?” అన్నాను. ఓనరాంటీ అయితే బుగ్గలు నొక్కుకుంది. “ఆ సినిమా చూశాక కూడానా!” ఆ సినిమా చూశాకనే ఆంటీ, అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

కానీ ధైర్యంగా ఉన్నానని చెబితే అబద్ధం. మొదటిరోజు బాబును ఆమె చేతికిచ్చి వచ్చి లైబ్రరీలో కూర్చుంటే ఒక్క పేజీ తిరగలేదు. రెండింటికే లేచాను. తార్నాక చౌరస్తా దాటి, లాలాపేట్ గల్లీలోకి దాదాపు పరుగెత్తాను.

ఆమె ఇంటి రేకు గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల వాడి ఏడుపు వినబడింది. చెయ్యి గడియ మీద పడింది. పడి, ఆగింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఒక్కసారిగా లేవలేదు. ఆగి ఆగి రావడం లేదు. ఒకే తీరుగా, బద్ధకంగా, ఈగ ముసిరినట్టు. మధ్యలో అవ్వ ఏదో యేసు పాట తగ్గు గొంతుతో పాడుతోంది. ఏడుపు సన్నబడింది. సాగింది. ఆగిపోయింది.

గడియ తియ్యలేదు. ఎదురింటామె చాట పట్టుకుని బయటికొచ్చి, నన్ను ఎగాదిగా చూసింది. “ఎవలు గావాలమ్మా?”

“ఎవరూ వద్దండీ,” అన్నాను మెల్లగా. “మావాడు లోపల ఇప్పుడే పడుకున్నాడు.”