బొంబాయి వెళ్ళి నేర్చుకున్న తేన్పు

మొన్న ఆదివారం మద్దిలపాలెంలో మా ఇంటి ముందుగదిలో మా మేనకోడలు చెవులకు తీగలు తగిలించుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే సినిమా చూస్తోందేమో అనుకున్నాను. తీరా చూస్తే చదువట. అదీ నాలాగే స్పీచ్ థెరపిస్టు. రిజిస్ట్రేషను నిలుపుకోవాలంటే గడువులోగా ఇన్ని పాయింట్లు సంపాదించాలట. అందుకు ఇంట్లోంచి కదలకుండా చదివే కోర్సులు కోకొల్లలు, నత్తి మీద ఒకటి, పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళ మీద ఒకటి, మింగుడు పడనివాళ్ళ మీద మరొకటి. ఏది తీసుకోవాలో తేలక తల పట్టుకుని కూర్చుంది. వడ్డించిన విస్తరి ముందు కూర్చుని అలగడమంటే ఇదే కాబోలని నవ్వుకున్నాను.

ఎనభైల మొదట్లో నేను ఉద్యోగంలో చేరేనాటికి మా ఊళ్ళో ఈ వృత్తి పేరే చాలామందికి తెలియదు. ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం చివరనున్న గది నాది, రోగులకు నేను 'మాటల డాక్టరమ్మ'ని. పట్టా చేతికొచ్చాక మళ్ళీ చదువంటే, ఓడ మీద నెలల తరబడి ప్రయాణం చేసి, డాక్టర్లందరి చేతులూ తిరిగి, చివరికి నా బల్ల మీదికి చేరే విదేశీ పత్రిక ఒకటి. శనివారాలు డాక్టర్లు తమకోసం పెట్టుకునే క్లాసులో వెనక బెంచీ ఒకటి. ఇక ఎక్కడో దూరాన, పెద్ద నగరాల్లో, చిన్న చిన్న కోర్సులు జరుగుతాయని వినడమే గాని, వెళ్ళొచ్చినవాళ్ళను నేనైతే చూడలేదు.

అలాంటి రోజుల్లో యారాడ నుంచి సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఆయనొకడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. చుట్ట కాల్చీ కాల్చీ గొంతులో పుండు లేస్తే, ప్రాణం దక్కాలని స్వరపేటిక మొత్తం తీసేశారు. ఊపిరంతా మెడ మీది రంధ్రంలోంచే. అందులోకి నీళ్ళు పోతే ముప్పు కాబట్టి సముద్రం మీదికి పోయే రాత కూడా చెరిగిపోయింది. పలక మీద రాసి చూపించమందామంటే అక్షరం ముక్క రాదు. చప్పట్లు కొట్టి పిలిచేవాడు, చేతులతో చెప్పేవాడు, ఆవిడ ఒకటికి బదులు ఇంకొకటి అనుకుంటే కోపమొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ మనిషికి మాట తిరిగి రాకపోతే బతికున్నా లేనట్టేనని ఆవిడ నాతో తేల్చి చెప్పింది.

గొంతు తీసేసినవాళ్ళు అన్నవాహికలోకి గాలి తీసుకుని, దాన్ని తేన్పులా పైకి తెచ్చి మాటగా మలచవచ్చని నేను చదివాను. చదివింది అరపేజీ. పుస్తకం చూసి ఈత నేర్పినట్టు నాలుగు వారాలు ప్రయత్నించాను, ఆయనకు కడుపుబ్బరం తప్ప ఏమీ రాలేదు. చివరికి మా విభాగం పెద్దాయన, బొంబాయిలో దీనికోసమే ఒక కోర్సు పెడుతున్నారని కనుక్కుని చెప్పారు. ఉద్యోగం వచ్చాక ఇంకా చదువేమిటమ్మా అని ఆఫీసువాళ్ళు ఆశ్చర్యపోయారు. నా సెలవు నేను పెట్టుకుని, పోర్టులో పనిచేసే మా నాన్నను తోడు తీసుకుని రైలెక్కాను.

అక్కడ మాకు పాఠం చెప్పిన మాస్టారికే స్వరపేటిక లేదు! మొరటుగా, తెగితెగి వచ్చే ఆ గొంతుతో ఆయన 'రండి, కూర్చోండి' అంటుంటే నేను కూర్చోవడం మరిచిపోయాను. మా చేతులు తీసుకుని తన మెడ మీద పెట్టుకుని గాలి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ అదురుతుందో చూపించేవాడు. ప, త, క లతో మొదలుపెట్టండి, అవి పలకబోతుంటేనే గాలి లోపలికి దిగుతుంది అనేవాడు. మాకు తేన్పు వచ్చేదాకా భోజనానికి వదిలేవాడు కాదు.

ఇంటికొచ్చాక మరిచిపోకూడదని పొద్దస్తమానం సాధన చేసేదాన్ని. మా అమ్మది గోదావరి జిల్లా, మర్యాదల మనిషి. "ఏవిటే, ఈ తేన్పుల కోసవా అంత దూరం వెళ్ళొచ్చావు? పెళ్ళిచూపులవాళ్ళ ముందు మాత్రం ఈ విద్య చూపించకు తల్లీ" అని నెత్తి కొట్టుకుంది.

యారాడ ఆయనను మళ్ళీ పిలిపించి, బొంబాయి పద్ధతిలో ప తో తెలుగు మాటలు మొదలుపెట్టాను. పప్పు అనమన్నాను. ఆయన మూతి బిగించుకున్నాడు. పక్కనున్న ఆవిడ, "పప్పెవులికి కావాలమ్మా, మాము సేపలోలం గదా" అంది. పాప అనమంటే పాపలెవరూ ఇంట్లో లేరంది. విసుగొచ్చి, పోనీ నీ పేరేమిటని ఆవిడనే అడిగాను. పైడితల్లి అంది. ప, దాని వెనకే త. నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. కానీ ఆయన తల అడ్డంగా ఊపాడు. పెళ్ళయిన నాటి నుంచి 'ఒలే' అని కేకేయడమే గాని పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచింది లేదు, వాళ్ళలో పిలవరు. ఒలే అనేది ఈ కొత్త గొంతుకు అప్పుడే అందదని, పేరైతే పలుకుతుందని నేను బతిమాలాను. ఆయన తల దించుకుని, పెదాలు బిగించి, చివరికి తలెత్తకుండానే అన్నాడు. పై... డి. కాస్త ఆగి, తల్లి.

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఈ వయసులో పేరెట్టి పిలుత్తావేటి, సిగ్గునేదా?" అని కసిరింది. వాళ్ళు వరండాలోకి వెళ్ళాక, ఆవిడ తలుపు వారగా నిలబడి, గొంతు తగ్గించి "మల్లీ ఓపాలి అను" అనడం విన్నాను.

తర్వాత ఒక్కొక్క మాటే పట్టుబడింది, ఒడ్డున చేపలు వేలంపాట పెట్టే చోట బేరాలాడేంతగా కూడా మాట్లాడాడు. 'ఒలే' కూడా వచ్చింది గాని దాన్ని మళ్ళీ వాడలేదట.

మా మేనకోడలి కోర్సు ఆ సాయంత్రానికే అయిపోయింది, సర్టిఫికెట్ తెర మీదికి వచ్చేసింది. నీ చెయ్యి తీసుకుని మెడ మీద పెట్టుకున్నవాళ్ళెవరైనా ఉన్నారా అందులో, అని అడిగితే వింతగా చూసింది. దాన్ని తప్పు పట్టను. మా కాలంలో నేర్పేవాళ్ళు అందక మాట లేకుండానే పోయినవాళ్ళు ఎందరో, ఇప్పుడు చదువు గడపలోకి వచ్చింది, సంతోషమే. అప్పుడు ఒక మనిషి కోసం చదువు వెతుక్కుంటూ పోయేవాళ్ళం, ఇప్పుడు చదువు ముందొస్తోంది, మనిషి తర్వాత. బొంబాయికి నీకెన్ని పాయింట్లిచ్చారత్తా అని అది నవ్వుతూ అడిగింది.

ఏళ్ళ తర్వాత, యారాడ ఆయన పోయాక, పైడితల్లి ఒకసారి నా గదికి వచ్చి, పనేమీ లేకపోయినా చాలాసేపు కూర్చుంది. ఇంట్లో అందరికీ తను అమ్మ, అత్త, మామ్మ అట. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "పేరెట్టి పిలిసీవోడు ఎల్లిపోనాడమ్మా" అంది.