అంటుకోని జలుబు

మా ఊళ్లోని సుపేలా పేటలో ఒక చెవి, ముక్కు డాక్టరమ్మ ఉండేవారు. జబ్బేమిటో విడమరిచి చెప్పి, "ఇప్పుడు మీరు చెప్పండి" అనేవారు. రోగి తన మాటల్లో తిరిగి చెప్పేదాకా మందు రాసేవారు కాదు.

నా కూతురు నెలల పిల్లగా ఉన్నప్పుడు, దాన్ని ఎత్తుకుని మా అమ్మను ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటిదాకా అమ్మ మనవరాలిని ముట్టుకోలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూసేది.

"ఏటి సేసేది డాక్టరమ్మా! పొద్దున్న లేస్తే తుమ్ములే. నా జలుబు పాపకి అంటుకుంటాదని భయం," అంది అమ్మ.

జ్వరం రాదని, కళ్లూ ముక్కూ దురద పెడతాయని, దుప్పట్లు దులిపితే తుమ్ములు ఎక్కువవుతాయని డాక్టరమ్మ అడిగి తెలుసుకున్నారు. ముక్కులోకి లైటు వేసి చూశారు.

"ఇది జుకామ్, అదే జలుబు, కాదమ్మా, ఎలర్జీ. దుమ్ము మీ ముక్కుకి పడదు. రోజూ స్ప్రే కొట్టుకోండి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికించండి. ఇది ఎవరికీ అంటుకోదు. ఇప్పుడు మీరు చెప్పండి."

అమ్మ నా ఒళ్లోని పాప వైపు చూసింది. బయట చాలామంది కూర్చుని ఉన్నా, డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి నిదానంగా ఎదురుచూశారు.

"అంటుకోదు," అంది అమ్మ చివరికి, కళ్లు తుడుచుకుంటూ.

"అది చాలు. మిగతాది నేను రాసిస్తాను," అంటూ ఆవిడ నా ఒళ్లోని పాపను తీసి అమ్మకు అందించారు.

సెక్టర్ 4లోని మా ఇంటికి తిరిగొస్తుంటే ఆటోలో నేను చేతులు చాపాను. అమ్మ పాపను ఇవ్వలేదు.