రాజన్నను విమానం ఎక్కనివ్వని పాట

ఒక మనిషి, ఒక గిటారు, ఆరు తీగలు కలిసి ఒక తండ్రిని కన్నకొడుక్కి పేరు పెట్టే వేడుకకు దూరం చేయగలవా అని మీరు అడగవచ్చు. చేయగలవు. చేశాను. బహ్రెయిన్‌లోని తుబ్లీలో ఉన్న తెలుగువాళ్ళను ఎవరినైనా అడగండి. "మూర్తి పాటా?" అని ముందు నవ్వుతారు, తర్వాత గడియారం చూసుకుంటారు. తప్పంతా నాదేనట! ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? అందులో నా వాటా ఎంతో, మిగతా ప్రపంచం వాటా ఎంతో మీరే తేల్చండి.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పగలు ఏసీలు బాగుచేసేవాణ్ణి, సాయంత్రం చెవులు పాడుచేసేవాణ్ణి. మా పక్కగదిలో రాజన్న ఉండేవాడు. జగిత్యాల దగ్గరి పల్లెనుంచి వచ్చిన తాపీమేస్త్రీ. గోడ ఎంత నిలువుగా కడతాడో మాట కూడా అంత నిలువుగా మాట్లాడతాడు. ఒకరోజు నా ఫోన్లో ఒక పాత బ్లూస్ పాట మోగుతుంటే తలుపు దగ్గర ఆగిపోయాడు. ఊరు వదిలి పనికి వెళ్ళిన ఒక నల్లజాతి ముసలాయన, ఒక్క గిటారు పట్టుకుని, ఇల్లు గుర్తొచ్చి పాడుకున్న పాట అది. మొత్తం రెండున్నర నిమిషాలు.

"గాయన యాడ పనిజేస్తుండె మూర్తన్నా?"

"అమెరికాలో, పత్తి చేలల్లోనట."

"మరి గా ఏడుపు మన క్యాంపుల ఏడ్చినట్టే ఉన్నదేందే! మల్లొక్కపారి పెట్టు."

ఒక్కమాట అర్థం కాకుండానే పాట మొత్తం అర్థమైంది ఆయనకు. నాకేమో మాటలన్నీ అర్థమయ్యాయి. తేడా ఎక్కడుందో తర్వాత తెలిసింది.

కొన్నాళ్ళకు ఆయన భార్య పద్మకు మగపిల్లాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు ఆదివారం పొద్దున పడింది. తండ్రే కొడుకు చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలని వాళ్ళింట్లో పట్టింపు. రాజన్నకు సెలవు దొరికింది, శుక్రవారం సాయంత్రం ఆరింటి విమానానికి టికెట్టూ దొరికింది. ఏడాదికి వచ్చే ఒకేఒక్క సెలవు.

"మూర్తన్నా, నేను పొయ్యే దినం గా ముసలాయన పాట కొట్టాలె. గాయన కొట్టినట్టే కొట్టు. ఎక్కువ తక్కువ చెయ్యకు."

ఆజ్ఞలో సగం పాటించాను. తక్కువ చేయలేదు.

ఇక్కడ మీకు కొంచెం సంగీత చరిత్ర చెప్పాలి, ఓర్చుకోండి. ఆ ముసలాయన పాటనే తర్వాతి రాక్ గిటారిస్టులు ఎత్తుకున్నారు. ఆయన రెండున్నర నిమిషాల్లో ఏడ్చి ఊరుకుంటే, వీళ్ళు చొక్కా గుండీలు విప్పుకుని పావుగంటసేపు ఏడ్చారు. మధ్యలో సోలో. సోలో అంటే తెలియనివారికి చెబుతున్నాను: వినేవాళ్ళు సోలిపోయేదాకా ఒక్కడే వాయించడం. మరో చిట్కా కూడా ఉంది. పాట ఆగిపోయినట్టు హఠాత్తుగా ఆపుతారు, జనం చప్పట్లు కొడతారు, అంతలో మళ్ళీ అందుకుంటారు. అది చూసి నాకు మతిపోయింది. ముసలాయన పద్ధతిలో వాయిస్తే నా ప్రతిభ ఎవరికి తెలుస్తుంది?

ఒక రాక్ కచేరీని ఎవరో జనంలో నిలబడి ఫోన్లో తీసిన వీడియో చూసి పదిరోజులు సాధన చేశాను. తీరా చివరికొచ్చేసరికి వీడియో పుటుక్కున తెగిపోయింది. ఆ మహానుభావుడి ఫోన్లో చార్జింగ్ అయిపోయింది! ఇప్పుడు చెప్పండి, తప్పు నాదా? కచేరీకి వచ్చేవాడు ఫోన్ చార్జింగ్ పెట్టుకుని రావద్దా? ముగింపుదేముంది, స్టేజీ మీద అదే వస్తుందిలే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం తుబ్లీలోని ఒక చిన్న హాల్లో వీడ్కోలు. పెత్తనమంతా సుబ్బలక్ష్మక్కది. అమలాపురం దగ్గర్నుంచి వచ్చి ఇక్కడ ఒక ఇంట్లో వంట చేసే మనిషి. మావాళ్ళ వీడ్కోలుకు ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. ఊరెళ్ళే మనిషికి దండవేసి, చేతికి కొబ్బరికాయ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టాలి. ఆయన కోసం పాడే పాట పూర్తిగా అయ్యాక లేచి, గుమ్మం దగ్గర కాయ కొట్టి, వెనక్కి చూడకుండా కారెక్కాలి.

"పాట మజ్జిలో లేస్తే పెయాణం మజ్జిలో ఆగిపోద్ది. గుర్తెట్టుకో రాజన్నా!" అని ఆవిడ హెచ్చరించింది.

ఉపన్యాసాలు అయ్యేసరికి నాలుగైంది. ఐదింటికి విమానాశ్రయంలో కౌంటర్ మూసేస్తారు. తుబ్లీ నుంచి విమానాశ్రయం ఉన్న ముహర్రక్‌కు ఇరవై నిమిషాలు చాలు. రెండున్నర నిమిషాల పాట, ఒక కొబ్బరికాయ, కారు. లెక్క సరిగ్గా ఉంది. నేనే సరిగ్గా లేను.

నా వెనక డ్రమ్ముల మీద రొమెల్. ఫిలిప్పీన్స్ వాడు, మా వర్క్‌షాపులోనే కార్ల సొట్టలు తీసే డెంటింగ్ పని. రేకులు కొట్టీ కొట్టీ చేతులకు అలసట అన్నది తెలియదు. మొదలుపెట్టాం. పాట భాగం బ్రహ్మాండంగా సాగింది. రాజన్న కళ్ళు తుడుచుకున్నాడు. అక్కడ ఆపేసి ఉంటే ఈ రోజు నేను గౌరవనీయుణ్ణి. సోలో ఎత్తుకున్నాను.

బ్లూస్‌లో పన్నెండు మెట్లుంటాయి. పన్నెండోది ఎక్కగానే మళ్ళీ మొదటిమెట్టు మీద ఉంటారు. రౌండెబౌట్లో బయటికెళ్ళే దారి తెలియని కొత్త డ్రైవర్ లాగా తిరుగుతూనే ఉండాలి, ఎవరైనా దారి చూపేదాకా. నా దారి ఆ చచ్చిపోయిన ఫోన్లో ఉంది!

పది నిమిషాలకు చిట్కా వేశాను. టక్కున ఆపాను. జనం చప్పట్లు కొట్టారు. రాజన్న కొబ్బరికాయతో లేచాడు. నేను "టంగ్" మని అందుకున్నాను. రాజన్న కూర్చున్నాడు.

"ఇంకా ఉందేటయ్యా?" సుబ్బలక్ష్మక్క అరిచింది.

పద్దెనిమిదో నిమిషంలో నిజంగానే ఆపుదామని ఆపాను. రాజన్న లేచాడు. కానీ రొమెల్‌కు అది చిట్కా అనిపించి ధనధనమని కొట్టాడు. తాళం నడుస్తుంటే గిటారు ఊరుకుంటే పరువు పోదూ? అందుకున్నాను. రాజన్న కూర్చున్నాడు.

"మూర్తన్నా, గాయన గింతసేపు కొట్టలేదు గదనే!"

ఆపమని రొమెల్‌కు సైగ చేద్దామంటే రెండు చేతులూ గిటారు మీదే. మొహంతోనే చెప్పాను. కళ్ళు మూసి, పళ్ళు బిగించి, తల అడ్డంగా ఊపి, ప్రాణం పోతున్నవాడిలా చూశాను. గిటారు వాయించేవాడి బాధ లోకానికి పట్టదండీ! ఆ మొహాన్ని చూసి అందరూ భావం అనుకుంటారు.

"వాహ్ భాయ్! ఫీలింగ్!" అని రొమెల్ వేగం పెంచాడు.

రోట్లో తల పెట్టినవాడు రోకటిపోటుకు వెరవకూడదంటారు. నా తల రోట్లో ఉంది, రోకలి రొమెల్ చేతిలో ఉంది.

"ఒరే మూర్తీ, నాలుగున్నరయ్యిందిరా! ఆ పిల్లోడికి పేరెట్టేలోపు మీసాలొచ్చేత్తాయి!" సుబ్బలక్ష్మక్క నెత్తి బాదుకుంది.

"మరైతే అతన్ని లేవమనండక్కా!" అని వాయిస్తూనే మొత్తుకున్నాను.

"పాట మజ్జిలో ఎలా లెగుత్తాడ్రా? నువ్వే ఆపు!"

"ఎలా ఆపాలో తెలీట్లేదక్కా!"

హాలంతా ఆ మాట విన్నది. ముప్పైనాలుగో నిమిషంలో రాజన్న ఇక లేచాడు. ఆయన జీవితంలో గోడ వంకరగా కట్టలేదు, ఆచారం కూడా వంకర చేయదలుచుకోలేదు. ముందు పాటను తనే ముగిద్దామని, గుమ్మం దాకా పోకుండా నేరుగా స్టేజీ దగ్గరికొచ్చి, "ఖలాస్!" అంటూ మెట్టు మీద కొబ్బరికాయ కొట్టాడు. కాయ రెండు చెక్కలైంది. నీళ్ళు ఎగిరి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పడ్డాయి. ఠప్ మంది. కరెంటు పోయింది, గిటారు మూగబోయింది, రొమెల్ కూడా భయపడి ఆగాడు. ఆ బోర్డు అక్కడ పెట్టింది ఎవరని అడుగుతారా? అసలు విషయం వదిలేసి ఇలాంటి చిల్లర ప్రశ్నలు వేయకండి.

ఆ రోజు వచ్చిన చప్పట్లు నా జన్మలో మళ్ళీ రాలేదు. పాటకు కాదు, కాయకు.

ముహర్రక్ వంతెన మీద శుక్రవారం రద్దీ. ఐదూ ఏడుకు చేరాం. కౌంటర్ మూసేశారు. ఏడు నిమిషాలు! ఖాళీ కౌంటర్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి రాజన్న కాసేపు నిలబడ్డాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! తర్వాతి సీటు సోమవారానికి దొరికింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలు ఉంది, కొడుకు ఉన్నాడు, పేరు పెట్టే తండ్రే బహ్రెయిన్‌లో ఉన్నాడు.

ఆదివారం పొద్దున రాజన్న గదిలో వీడియో కాల్. అక్కడ తొట్టెల, చుట్టాలు, గోల. ఫోన్‌ను పిల్లవాడి చెవి దగ్గర పెట్టింది పద్మ. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పేరు చెప్పే సందే లేదు. రాజన్న నావైపు తిరిగాడు.

"కొట్టు. ముసలాయన కొట్టినట్టు."

ప్లగ్గు లేని పాత గిటారు తీసుకున్నాను. రొమెల్ లేడు, చిట్కాల్లేవు. వాయించాను. ఒక నిమిషానికి ఏడుపు సన్నగిల్లింది. రెండు నిమిషాలకు ఆగిపోయింది. పన్నెండో మెట్టు వచ్చింది. నిజం చెబుతున్నాను, నా వేళ్ళు మళ్ళీ మొదటిమెట్టు వైపు జారాయి. అప్పుడు రాజన్న తన సిమెంటు అరచేతిని తీగల మీద మెల్లగా ఆనించాడు. అంతే. పాట అయిపోయింది. ముగింపు అంటే అదేనట! పదిరోజులూ ఎవరూ నాకు చెప్పలేదు!

ఆ నిశ్శబ్దంలో ఆయన కొడుకు పేరు మూడుసార్లు చెప్పాడు. నేను కిటికీలోంచి ఏసీ డబ్బాను చాలా శ్రద్ధగా పరిశీలించాను.

ఇన్నాళ్ళూ రాజన్న ఫోన్ చేసినప్పుడల్లా పక్కగదిలోంచి నా వాయింపు విన్న పద్మ, అవతల ఫోన్ తీసుకుని, నావైపు చూసి ఎంతో ఆందోళనగా అడిగింది:

"అన్నా, ఇయ్యాల గింత జల్ది అయిపోయిందేందే? పాణం బాగలేదా?"

కనుక ఆరు తీగల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పాటనైనా సరే, ముందు ముగింపు నేర్చుకుంటాను. అది వచ్చాకే మొదలు ముట్టుకుంటాను. ఊరెళ్ళే మనిషి ముందు మాత్రం ముగింపు ఒక్కటే వాయిస్తాను.